గోడకి ఇటువైపు

చప్పుడు ఆగిపోయి మెలకువొచ్చింది.

హాలిఫాక్స్‌లో మా వీధి
భుజాలు రాసుకుంటూ కొండెక్కే రాతి ఇళ్ళ వరస.
నా తలగడకీ ఎనిడ్ గారి బాయిలర్‌కీ మధ్య
ఒకే ఒక్క గోడ.
పదకొండేళ్ళుగా నాలుగున్నరకి
గోడలోంచి ఎవరో గొంతు సవరించుకుంటారు:
ముందు ఒక టిక్కు, తర్వాత ఫ్యాను ఊపిరి,
ఆనక భుప్పుమని మంట అందుకోవడం.
ఐదూ పదికి ఫస్ట్ బస్సు తీసేవాణ్ణి,
అలారం పెట్టుకోవడం ఎప్పుడో మానేశాను.

ఇవాళ టిక్కు. ఫ్యాను. గళగళ.
మళ్ళీ టిక్కు, మళ్ళీ గళగళ,
నీళ్ళు పుక్కిలిస్తూ ఎవరో నవ్వాపుకున్నట్టు.
అంతే.

బయట మైనస్ ఏడు.
తలుపు తీసేసరికి ఓవర్‌కోటు మీద దుప్పటి, చేతిలో టార్చి.
"ఎవర్నీ లేపకూడదనుకున్నాను" అంది,
చలి తను చేసిన తప్పయినట్టు.

బాయిలర్ పక్కన మేకుకి
క్లిఫర్డ్ గారు పోయేముందు రాసిపెట్టిన కాగితం:
'సూది ఒకటికీ ఒకటిన్నరకీ మధ్య ఉండాలి.
తగ్గితే కింద నల్ల కుళాయి పావు వంతు తిప్పు, చాలు.
రేడియేటరు కింద వేడిగా పైన చల్లగా ఉంటే గాలి పట్టింది,
తాళంచెవితో వదులు, గుడ్డ అడ్డంపెట్టుకో, కార్పెట్ జాగ్రత్త.
ముందు మూత మాత్రం విప్పకు. అది లైసెన్సున్నవాడి పని.
నేనైనా విప్పను, ఎనిడ్.'
చివరి మాట కింద రెండు గీతలు.

మధ్యలో బాయిలర్ మారింది.
నల్ల కుళాయి నీలమైంది, గొంతు కాస్త సన్నబడింది.
కాగితం ఆ మేకుకే ఉంది.
ఈ రోగం అందులో లేదు.

సూది బాగానే ఉంది. తెర మీద
ఒక అక్షరం, రెండు అంకెలు గుడ్లురుముతున్నాయి.
పెరట్లోకి వెళ్ళి చూస్తే
బాయిలర్ చెమట బయటికి కార్చే తెల్ల గొట్టం
మోచేతి దగ్గర బిగుసుకుపోయి ఉంది.

విశాల నైటీ మీద నా బస్సు జాకెట్ వేసుకుని
రెండు కెటిల్స్‌తో వచ్చింది.
"మరిగినవి పోయకు, పగులుతుంది" అన్నాను.
"తెలుసులే" అని చన్నీళ్ళు కలిపి, మణికట్టు ముంచి చూసుకుని
కాళ్ళ మీద పడుకోబెట్టుకున్న చంటిదానికి పోసినట్టు
చెంబుతో, మెల్లగా, పైనుంచి కిందికి.
ఎనిడ్ గారి టార్చి వెలుగు వణుకుతోంది.
నాలుగో చెంబుకి
గొట్టం లోపల ఏదో జారింది.
కాలవలోకి వేలెడు మంచు కడ్డీ పడి విరిగింది.

రీసెట్ నొక్కి పట్టుకున్నాను.
టిక్కు.
ముగ్గురం ఊపిరి బిగబట్టాం.
ఫ్యాను.
భుప్.

"వచ్చేసింది!" అన్నాను.
ఆవిడ నా మొహం చూసి నవ్వింది, ఆలస్యంగా.
"రాత్రిళ్ళు చెవి మిషన్ తీసేస్తాను. ఇది చప్పుడు చేస్తుందా?"
"నాలుగున్నరకి... మా గోడలోకి వినిపిస్తుంది" అన్నాను,
గొప్పగా, చుట్టరికం చెప్పుకున్నట్టు.
ఆవిడ మొహం చిన్నబోయింది.
"పదకొండేళ్ళా?"
ఎంత చెప్పినా వినిపించుకోలేదు.
విశాల నా కాలు తొక్కింది, అప్పటికే ఆలస్యం.

మర్నాడు కళ్ళు తెరిస్తే
గోడ నిశ్శబ్దంగా ఉంది, కిటికీ తెల్లగా ఉంది.
చెప్పు ఒకటి దొరక్క, గుండె దడదడలాడుతూ పరిగెత్తాను.
లోపల వెచ్చగా ఉంది. టోస్టు వాసన.
"టైమరు ఆరుకి మార్చాను, నాయనా.
ఇకనుంచి హాయిగా పడుకో."

నా ఫస్ట్ బస్సు నేను లేకుండానే, ఎవరి చేతులమీదో
కొండ దిగి వెళ్ళిపోయింది.

పొయ్యి రాజుకోని పొద్దున
మా నాయనమ్మ పిడక ముక్క పట్టుకుని
పక్కింటికి నిప్పుకి వెళ్ళేదట.
సాయంత్రం నేనూ వెళ్ళాలి.
ఖాళీ చేతులతో ఎలా,
గుమ్మంలో నిలబడి ఏ మాటలతో అడగాలి
ఆ చప్పుడు?